నెల్లూరు నుంచి గోముఖ్ దాకా: గంగ పుట్టే చోటికి నడిచి వెళ్ళాలనుకునే వాళ్ళకి

గంగోత్రి గుడి దాకా బస్సు వెళ్తుంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చార్‌ధామ్ పోయే వాళ్ళలో ఎక్కువ మంది అక్కడ దర్శనం చేసుకుని, చెంబులోనో డబ్బాలోనో గంగనీళ్ళు పట్టుకుని, అదే బస్సులో వెనక్కి వచ్చేస్తారు. నది పుట్టేది మాత్రం అక్కడ కాదు. గుడి వెనక నుంచి ఇంకో 18 కిలోమీటర్లు కొండల్లోకి నడిస్తే గంగోత్రి హిమానీనదం అంచు వస్తుంది, ఆ మంచు గోడ కింద నుంచి భాగీరథి బయటికి దూకుతుంది, దాన్నే గోముఖ్ అంటారు. ఈ భాగీరథే కింద దేవప్రయాగ దగ్గర అలకనందతో కలిశాక గంగ అవుతుంది. దారిలో మొదటి సగం దేవదారు, పైన్ అడవి, ఆ తర్వాత భూర్జ చెట్లు, ఆ పైన చెట్టన్నదే లేని రాతి లోయ.

పెన్న సముద్రంలో కలిసే చోటు ఊటుకూరు వైపు వెళ్ళి మనలో చాలామంది చూసే ఉంటారు. ఒక పెద్ద నది మొదలు కూడా చూడాలన్న కోరిక ఉంటే, కొండలెక్కే శిక్షణ లేని మామూలు మనుషులు నడిచి వెళ్ళగలిగిన దారుల్లో ఇంతకన్నా మంచిది నాకు తెలిసి లేదు. మన ఊళ్ళ నుంచి వెళ్ళే వాళ్ళకి పనికొచ్చేలా, ఇంట్లో మొదలుపెట్టే ప్రాక్టీసు దగ్గర్నుంచి తిరిగొచ్చే జీపు దాకా ఇక్కడ రాస్తున్నాను.

కష్టం దారిలో లేదు, గాలిలో ఉంది

ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే మిగతాదంతా తేలిక. దారి ఏమంత నిటారుగా ఉండదు. గంగోత్రి సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది, 14 కిలోమీటర్ల తర్వాత వచ్చే భోజ్‌బాసా సుమారు 3,800. అంటే రోజంతా నడిచి ఎక్కేది 700 మీటర్లే. అలిపిరి మెట్లు ఎక్కి తిరుమల చేరిన కాళ్ళకి ఈ వాలు పెద్ద సమస్య కాదు. కానీ మనం సముద్రం ఒడ్డు మనుషులం. మన ఊపిరితిత్తులకి అలవాటైన ఆక్సిజన్‌లో గంగోత్రిలో 70 శాతమే దొరుకుతుంది, గోముఖ్ దగ్గరికి వచ్చేసరికి 60 శాతం పైచిలుకు. ఎంత జిమ్ చేసిన కుర్రాడైనా సరే, మూడు రోజుల్లో నెల్లూరు నుంచి నేరుగా వెళ్ళి భోజ్‌బాసాలో పడుకుంటే తలనొప్పి, వాంతులు తప్పకపోవచ్చు, అదే నిదానంగా ఎక్కిన యాభై ఏళ్ళ ఆమె పక్క గుడారంలో హాయిగా పప్పన్నం తింటూ ఉండొచ్చు. ఎత్తుకి ఒంటిని అలవాటు చేయాలంటే కావాల్సింది బలం కాదు, రాత్రులు. ఎక్కడెక్కడ పడుకుంటున్నాం, ఎన్ని రాత్రులు పడుకుంటున్నాం అన్నదే అసలు ప్లాన్. లీవు రెండు రోజులు తక్కువ ఉందని ఆ రాత్రుల్లో కోత పెట్టే పనైతే ఈసారికి మానుకుని వచ్చే ఏడు వెళ్ళండి.

ఎప్పుడు వెళ్ళాలి

గంగోత్రి గుడి అక్షయ తృతీయకి తెరుస్తారు, దీపావళి మర్నాడు మూస్తారు. ఆ మధ్యలో నడకకి మంచి కాలాలు రెండు. మే మధ్య నుంచి జూన్ మూడో వారం దాకా ఒకటి, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా రెండోది. మన వాళ్ళు పిల్లల సెలవులు చూసుకుని మేలోనే బయల్దేరతారు. అప్పుడు యాత్రికుల రద్దీ విపరీతం, గదులు దొరకవు, రోడ్డు మీద గంటల కొద్దీ జాములు. పైగా రోహిణి కార్తె ఎండల్లోంచి నేరుగా గడ్డకట్టే రాత్రుల్లోకి పోవడం ఒంటికి పెద్ద దెబ్బ. నన్నడిగితే సెప్టెంబరు చివరి వారం. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది, భాగీరథి శిఖరాలు, శివలింగ్ శిఖరం స్పష్టంగా కనిపిస్తాయి, జనం కూడా తక్కువ.

జులై, ఆగస్టు నెలల్లో మాత్రం వద్దు. ఆ రోడ్డంతా కొండచరియలు విరిగిపడే చోటు. 2025 ఆగస్టు 5న గంగోత్రికి వెళ్ళే దారిలో హర్సిల్ పక్కనున్న ధరాలీ ఊరిని మెరుపు వరద బురదతో ముంచేసింది. వానాకాలంలో టిక్కెట్లు చవకగా వచ్చాయని ఆ లోయలోకి పోవడం సాహసం కాదు, ప్రాణాలతో ఆట. అక్టోబరు చివర్లో వెళ్ళే వాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి, తిరిగొచ్చేసరికి మన దగ్గర ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు మొదలవుతాయి, రైళ్ళు ఆలస్యం కావచ్చు, కాబట్టి సెలవులో ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

ఇంటి దగ్గర రెండు నెలలు

నెల్లూరు చదునైన ఊరు. స్టేడియం చుట్టూ ఎన్ని రౌండ్లు కొట్టినా కొండ దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే బరువు అలవాటు కాదు. అందుకే మొదటి నెల రోజూ గంట వేగంగా నడక, వారానికి రెండుసార్లు మెట్లు, అంటే అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్టు వదిలేసి అయిదంతస్తులు ఎక్కి దిగడం. మైపాడు, కొత్తపట్నం బీచ్‌ల దగ్గరుండే వాళ్ళకి ఒక అదృష్టం ఉంది, పొడి ఇసుకలో నలభై నిమిషాలు నడిస్తే పిక్కలకి, చీలమండలకి వచ్చే పట్టు ఏ ట్రెడ్‌మిల్లూ ఇవ్వదు.

రెండో నెలలో ఆదివారాలు కొండకి పోవాలి. నా ఓటు ఉదయగిరి దుర్గానికి. పాత కోట దారి, రాళ్ళు, అక్కడక్కడా మెట్లు, పొదలు, పైకి వెళ్ళి దిగేసరికి పూట గడిచిపోతుంది, గోముఖ్ దారిలో కాళ్ళకి ఎదురయ్యే రకం నేల ఇదే. పెంచలకోన, భైరవకోన వైపు అడవి దారులు కూడా బాగుంటాయి, కాకపోతే అక్కడి వాళ్ళని అడక్కుండా అడవిలోకి లోతుగా పోవద్దు. మాలకొండ దగ్గరున్న వాళ్ళు శనివారం దర్శనానికి ఎలాగూ వెళ్తారు, ఆ రోజు బండి కింద వదిలేసి నడిచి ఎక్కండి. ఎక్కడికి పోయినా భుజాన ఆరేడు కిలోల బరువున్న బ్యాగు ఉండాలి, కాళ్ళకి అక్కడ వేసుకోబోయే షూసే ఉండాలి. కొత్త షూస్ గంగోత్రిలో తొలిసారి విప్పి వేసుకునే వాళ్ళకి దారి మధ్యలో వచ్చే చీడ్‌బాసా అనే మజిలీ రాకముందే మడమల మీద బొబ్బలు లేస్తాయి.

నలభై దాటిన వాళ్ళు, బీపీ, షుగరు, ఆస్తమా ఉన్న వాళ్ళు టిక్కెట్లు తీయకముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి "నాలుగు వేల మీటర్ల ఎత్తుకి పోతున్నాను" అని ఆ మాటే చెప్పి అడగండి. యాత్రకి పోతున్నాం అంటే సరే పొండి అనేస్తారు. గుండెకి స్టెంటు పడిన వాళ్ళు, రక్తం బాగా తక్కువ ఉన్న వాళ్ళు, గర్భిణులు ఈ నడక పెట్టుకోవద్దు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బందికి డయామాక్స్ అనే మాత్ర వాడతారు, మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకి ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడని వాళ్ళు తీసుకోకూడదు, మూత్రం ఎక్కువ వస్తుంది, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి. మీకు కావాలో వద్దో డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపు అబ్బాయి కాదు.

సంచిలో ఏముండాలి

బట్టల విషయంలో మన వాళ్ళు చేసే పని, ఇంట్లో ఉన్న ఒక్క దళసరి స్వెట్టరు పట్టుకుపోవడం. దానికన్నా పలచటి పొరలు మేలు. లోపల థర్మల్, దాని మీద ఫ్లీసు, పైన పక్షి ఈకలు కూరిన, దూది లాంటి డౌన్ జాకెట్, అన్నిటి మీదా గాలీ వానా ఆగే జాకెట్. నడిచేటప్పుడు ఒక్కో పొర తీసేస్తారు, ఆగగానే వేసుకుంటారు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. ఉన్ని సాక్సులు మూడు జతలు, మంకీ క్యాప్, చేతి తొడుగులు, నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, తలకి పెట్టుకునే టార్చి, చేతికర్ర. డౌన్ జాకెట్ కొనడం దండగ అనుకుంటే రిషికేశ్‌లోనో ఉత్తరకాశీలోనో అద్దెకు తీసుకోవచ్చు. మన ఊళ్ళో దాన్ని మళ్ళీ ఎక్కడ వేసుకుంటాం?

తిండి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పైకి వెళ్ళాక మన వాళ్ళని మొదట వదిలేసేది ఆకలే. భోజ్‌బాసా ఎత్తులో నీళ్ళు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి, అందుకే అక్కడ అన్నం ఎంత ఉడికించినా పలుకుగా ఉంటుంది, పప్పు బద్దలుగా తగులుతుంది. వండిన వాళ్ళ తప్పు కాదు, గొణక్కండి. దొరికేది రొట్టె, పప్పు, అన్నం, కిచిడీ, మ్యాగీ. నోటికి రుచి చచ్చినప్పుడు అన్నం నాలుగు ముద్దలు లోపలికి పోవాలంటే మన కరివేపాకు పొడి, నల్లకారం, చిన్న డబ్బాలో ఆవకాయ ఉండాలి. నెయ్యి చిన్న సీసాలో పోసుకుంటే పేరుకుని రాయి అవుతుంది, రాత్రి జాకెట్ లోపల పెట్టుకుని పడుకోండి. నడుస్తూ తినడానికి చెనక్కాయ ఉండలు, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు. ఇంటి దగ్గరే రోజుకొక పొట్లంగా కట్టుకుని పొండి. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి మాత్రం వద్దు, గంగోత్రి ప్రాంతంలో మాంసాహారం తినరు, ఆ ఊరి పద్ధతిని గౌరవించాలి.

పర్మిట్, రిజిస్ట్రేషన్

రెండు వేరు వేరు కాగితాలు కావాలి. గంగోత్రికి వెళ్ళడానికి ఉత్తరాఖండ్ టూరిజం వాళ్ళ చార్‌ధామ్ రిజిస్ట్రేషన్, ఇది ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే చేసుకోవాలి. గోముఖ్ నడకకి గంగోత్రి నేషనల్ పార్కు పర్మిట్. గోముఖ్ వైపు రోజుకి 150 మందినే వదులుతారు. మే, జూన్‌లలో ఆ సంఖ్య త్వరగా నిండిపోతుంది, కాబట్టి ముందు పర్మిట్ తేదీ ఖాయం చేసుకుని దాన్ని బట్టి రైలు టిక్కెట్లు తీసుకోండి, మన వాళ్ళు దీన్ని తలకిందులుగా చేసి గంగోత్రి నుంచి ఉత్త చేతులతో వెనక్కొస్తుంటారు. ఆధార్ కాపీలు నాలుగైదు ఉంచుకోండి. పర్మిట్‌లో ఎన్ని రోజులు రాశారో అక్కడే చదువుకోండి, భోజ్‌బాసాలో రెండు రాత్రులు ఉండాలనుకుంటే ముందే చెప్పి రాయించుకోవాలి.

దారి, రాత్రులు

జీటీ ఎక్స్‌ప్రెస్, కేరళ ఎక్స్‌ప్రెస్ రెండూ నెల్లూరులో, ఒంగోలులో ఆగుతాయి, ఢిల్లీకి ఒకటిన్నర రోజు. తొందరున్న వాళ్ళు చెన్నై పోయి విమానంలో డెహ్రాడూన్ చేరొచ్చు. రైలైనా విమానమైనా ఆ రాత్రి రిషికేశ్‌లో పడుకోండి. మర్నాడు ఉత్తరకాశీ, 1,150 మీటర్లు. చంబా, ధరాసూ మీదుగా పోయే ఈ రోడ్డు పక్కన చీడ్ పైన్ అడవులు కనిపిస్తాయి, కొన్ని చెట్ల మొదళ్ళకి గాటు పెట్టి చిన్న గిన్నెలు కట్టి ఉంటారు, జిగురు తీయడానికి. మూడో రోజు హర్సిల్, 2,600 మీటర్ల పైన. ఇక్కడ ఒక రాత్రి తప్పకుండా పడుకోండి, ఉత్తరకాశీ నుంచి ఒకేసారి గంగోత్రికి పోయే వాళ్ళకీ, హర్సిల్‌లో ఆగిన వాళ్ళకీ తేడా పై రోజుల్లో తెలుస్తుంది. తర్వాత గంగోత్రిలో రెండు రాత్రులు. మొదటి రోజు దర్శనం, సూర్యకుండం, గౌరీకుండం. రెండో రోజు అడవిలోంచి పాండవ గుహ దాకా నడిచి రండి, ఒకటిన్నర కిలోమీటరే. ఏమీ చేయని రోజు కాదది, ఒంట్లో రక్తం ఎత్తుకి సర్దుకునే రోజు.

డబ్బు ఉత్తరకాశీ ఏటీఎంలోనే తీసుకోండి. గంగోత్రి దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, "మూడు రోజులు ఫోను కలవదు" అని ఇంట్లో ముందే చెప్పి పోతే అక్కడ అమ్మానాన్నలకి టెన్షన్ ఉండదు.

గైడు

దారి స్పష్టంగానే ఉంది కదా, గైడు ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. గోముఖ్ దాటి, హిమానీనదం పైన ఉన్న తపోవన్ అనే పచ్చిక మైదానానికి పోవాలంటే గైడు తప్పనిసరి. గోముఖ్ వరకే అయినా తీసుకోండి అనే చెప్తాను. దారి చూపించడానికి కాదు. మీ మొహం చూసి, మీ నడక చూసి, మీకంటే ముందు మీ ఒంట్లో తేడా పసిగట్టే మనిషి ఒకరు పక్కన ఉండటానికి. ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది, ఆ ఊళ్ళో కొండ పని తెలిసిన కుర్రాళ్ళకి కొదవ లేదు. మాట్లాడుకునే ముందు మూడు అడగండి. ఈ సీజన్‌లో గోముఖ్ ఎప్పుడు వెళ్ళొచ్చావు, మాలో ఒకరికి బాగోకపోతే ఏం చేస్తావు, వాతావరణం చెడితే ఎన్ని గంటలకి వెనక్కి తిప్పుతావు. మూడో దానికి "ఎలాగైనా చూపించే తీసుకొస్తా" అని జవాబిచ్చే వాణ్ణి వదిలేయండి. తిప్పేస్తాను అనే మనిషే మీకు కావాల్సింది.

కూలి, తిండి, బస ఎవరి ఖర్చో అన్నీ ముందే మాట్లాడి ఒక కాగితం మీద రాసుకోండి. పోర్టరుని పెట్టుకుంటే అతని బరువుకి హద్దు ఉంటుంది, మన సూట్‌కేసులు ఎత్తించకండి, ఎక్కువ సామాను గంగోత్రి గదిలో వదిలేయొచ్చు. అతనికి చలి కోటు, మంచి బూట్లు ఉన్నాయో లేదో ఒకసారి చూడండి, లేకపోతే అద్దెకు ఇప్పించడం మన బాధ్యత. కుర్ర గైడుని భయ్యా అని, పెద్దాయనైతే చాచాజీ అని పిలిస్తే చాలు. మీ హిందీ ఎంత వచ్చీరానిదైనా ఆయన చెప్పే రెండు ముక్కలు మాత్రం అర్థం చేసుకోవాలి, ధీరే అంటే మెల్లగా, రుకో అంటే ఆగు.

అడవి రోజు

ఆరింటికల్లా బయల్దేరండి. గుడి పక్క నుంచి మెట్లెక్కి దారి మొదలవుతుంది, భాగీరథి కుడి చేతి వైపు లోయలో ఉంటుంది. రెండు కిలోమీటర్ల తర్వాత కన్ఖూ చెక్‌పోస్టు. పర్మిట్ చూస్తారు, సంచిలో ఉన్న ప్లాస్టిక్ లెక్క రాసుకుని డిపాజిట్ తీసుకుంటారు. బిస్కెట్ ప్యాకెట్ల కవర్లు ముందురోజే తీసేసి డబ్బాలో పోసుకుంటే ఇక్కడ సగం పని తగ్గుతుంది. బీడీ, సిగరెట్టు అలవాటున్న వాళ్ళు అడవి దాటేదాకా ఆపుకోవాలి. ఎండిన పైన్ ఆకుకి నిప్పు అంటుకుంటే కొండ మొత్తం పోతుంది.

చెక్‌పోస్టు దాటాక దేవదారులు పలచబడి నీలి పైన్ చెట్లు ఎక్కువవుతాయి. ఒక కొమ్మ చివర చేతిలోకి తీసుకుని చూడండి, ఆకు సూదులు అయిదేసి ఒక గుత్తిగా, మెత్తగా, కిందికి వేలాడుతూ ఉంటాయి. కింద ఉత్తరకాశీ రోడ్డులో చూసిన చీడ్ పైన్‌కి గుత్తికి మూడే సూదులు, గట్టిగా ఉంటాయి. నీలి పైన్ కాయ జానెడు పొడుగుంటుంది, పొలుసుల మీద తెల్లటి జిగురు కారి గట్టిపడి ఉంటుంది, పట్టుకుంటే ఆ రోజంతా వేళ్ళకి అంటుకునే ఉంటుంది, వాసన కూడా. కింద నేల మీద రాలిన సూదుల పరుపు. మన సముద్రతీరం సరుగుడు తోటల్లో నడిచిన వాళ్ళకి ఈ నేల పరిచయమైనట్టే ఉంటుంది, అడుగు చప్పుడు వినపడదు, పైన గాలి అదే హోరు. తేడా ఒక్కటే, అక్కడ నేల చదును, ఇక్కడ వాలు. ఎండు సూదుల మీద మడమ ముందు వేస్తే జారుతుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనించి, చిన్న చిన్న అడుగులు వేయాలి, పక్కన లోయ ఉన్నప్పుడు కొండ వైపే నడవాలి, ఎదురుగా గుర్రం వస్తే తప్పకుండా కొండ వైపే ఒదగాలి.

వేగం ఎంత ఉండాలంటే, పక్క మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత. మాట తెగిపోతుంటే మీరు తొందరపడుతున్నట్టే. గంటకి పది నిమిషాలు ఆగి నీళ్ళు తాగండి, రోజు మొత్తానికి మూడు నాలుగు లీటర్లు లోపలికి పోవాలి. దారిలో టీ కొట్లు ఉంటాయిలే అనుకుని ఖాళీ చేతులతో బయల్దేరకండి. వాగు నీళ్ళు పట్టుకుంటే క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి.

9 కిలోమీటర్ల దగ్గర చీడ్‌బాసా, సుమారు 3,600 మీటర్లు. చుట్టూ పైన్ చెట్లు, మధ్యలో కాస్త చదును, ఎదురుగా భాగీరథి శిఖరాలు. ఇక్కడ పూర్తిగా గంట కూర్చోండి, తిండి తినండి. ఈపాటికే తల పగిలిపోతున్నా, కడుపులో తిప్పుతున్నా, ఆ మనిషి పైకి పోకూడదు. గుంపులో పెద్దవాళ్ళుంటే ఇక్కడి నుంచే వెనక్కి తిరగడం కూడా మంచి ప్లానే, అడవి మొత్తం చూసినట్టే, పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోపు గంగోత్రి చేరొచ్చు.

గీలా పహాడ్, భోజ్‌బాసా

చీడ్‌బాసా దాటాక చెట్లు పలచబడతాయి, కొండ వదులు మట్టీ రాళ్ళతో నిలబడి ఉంటుంది. ఈ ముక్కనే గీలా పహాడ్ అంటారు. ఎండెక్కి, గాలి పెరిగాక పైనుంచి రాళ్ళు దొర్లుతాయి. అందుకే పొద్దున్నే బయల్దేరమన్నది. ఇక్కడ గైడు ముందు నిలబడి పైకి చూసి చెయ్యి ఊపాక ఒక్కొక్కరే, ఎడం ఎడంగా, ఆగకుండా దాటాలి. ఫోటోలు వద్దు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, రాయి చప్పుడు వినపడాలి. దారికి అడ్డంగా వచ్చే వాగులు కూడా అంతే, మధ్యాహ్నానికి పైన మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, పొద్దున మోకాలి కింద ఉన్నది సాయంత్రానికి తొడ దాకా రావచ్చు.

భోజ్‌బాసాలో పర్యాటక శాఖ బస, ఆశ్రమం ఉన్నాయి. పరుపులు, దుప్పట్లు దొరుకుతాయి, సౌకర్యాలు ఆశించొద్దు. ఒకప్పుడు ఇక్కడ నిండా భూర్జ చెట్లు, వంటచెరుకు కోసం నరికి నరికి కొండ బోడిగా అయింది. హర్షవంతి బిష్ట్ అనే పర్వతారోహకురాలు సేవ్ గంగోత్రి పేరుతో ఏళ్ళ తరబడి ఇక్కడ భూర్జ మొక్కలు నాటి పెంచారు, 2021లో భారత పర్వతారోహణ ఫౌండేషన్‌కి తొలి మహిళా అధ్యక్షురాలు అయింది ఆవిడే. కనిపించిన భూర్జ చెట్టు బెరడు పేపరు లాగా వస్తోంది కదా అని పీకకండి. భరల్ అనే కొండ గొర్రెలు సాయంత్రం దగ్గరికే వస్తాయి, తిండి పెట్టొద్దు, చూడండి చాలు.

రాత్రి చలి సున్నా కిందికి పోతుంది. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, కొద్దిగా తలనొప్పి మామూలే. పారాసిటమాల్ వేసుకుని నీళ్ళు తాగి చూడండి. నిద్రమాత్రలు, మద్యం రెండూ ప్రమాదం, ఊపిరిని ఇంకా తగ్గిస్తాయి. తలనొప్పి మాత్రకి కూడా తగ్గకుండా వాంతులు అవుతుంటే ఇంక పైకి ఒక్క అడుగు కూడా వద్దు. ఇక వీటిని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు: కూర్చున్నా ఆయాసం ఆగకపోవడం, దగ్గులో గులాబీ రంగు నురగ, తాగినట్టు తూలుతూ నడవడం, అడిగిన దానికి పొంతన లేని జవాబు చెప్పడం. అనుమానం వస్తే ఒక గీత మీద మడమకి కాలి వేలు ఆనించి పదడుగులు వేయమనండి. వేయలేకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా గైడుని లేపి కిందికి దించడమే మందు. వేలికి పెట్టే ఆక్సీమీటరు మంచి అంకె చూపించిందని దీన్ని వాయిదా వేయకూడదు.

గోముఖ్

భోజ్‌బాసా నుంచి 4 కిలోమీటర్లు. తెల్లవారగానే చిన్న బ్యాగుతో బయల్దేరండి. మొదట్లో దారి బాగానే ఉంటుంది, చివర్లో బండరాళ్ళ మీద అడుగు చూసి వేయాలి. దగ్గరికొచ్చాక చాలామంది నిరాశపడతారు, ఎందుకంటే ఫోటోల్లో ఊహించుకున్న తెల్లటి మంచు గుహ ఉండదు. ఎదురుగా ఉన్నది బూడిద రంగు గోడ, మీద అంతా రాళ్ళూ మట్టీ, పగుళ్ళలో మాత్రం నీలం, కింద చీకటి నోరు, అందులోంచి నురగలు కక్కుతూ నీళ్ళు. దాదాపు 30 కిలోమీటర్ల పొడవున్న హిమానీనదం చివరి అంచు అది. ఏటేటా వెనక్కి తగ్గుతూ వస్తోంది, 2016 జులైలో దీని ముందు భాగం కొంత విరిగి కూలిపోయింది. గాజు గ్లాసులోనో తెల్ల స్టీలు గ్లాసులోనో ఆ నీళ్ళు పట్టి అయిదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున పాలపొడి లాంటి మెత్తటి బూడిద పేరుకుంటుంది, ముట్టుకుంటే వేళ్ళ మధ్య పిండిలా జారుతుంది. మంచు తన బరువుతో కొండని అరగదీసిన పొడి అది. గంగా మైదానంలో పంటలు పండించే ఒండ్రు మట్టి ప్రయాణం ఇలాంటి చోట్లే మొదలవుతుంది. ఈ గ్లాసు చూశాక నాకు ఆ మురికి గోడ మీద ఉన్న గౌరవం పదింతలైంది.

హద్దు దగ్గరే ఆగిపోవాలి. మంచు గోడ నుంచి ముక్కలు చెప్పా పెట్టకుండా విరిగిపడతాయి, లారీ అంతవి కూడా. స్నానం చేయాలన్న మొక్కు ఉంటే గంగోత్రి ఘాట్‌లో గొలుసు పట్టుకుని చేయండి, ఇక్కడ వద్దు, ఆ నీళ్ళలో కాళ్ళు నిమిషంలో మొద్దుబారిపోతాయి. పూలు, అగరబత్తి కవర్లు, పాత బట్టలు వదలొద్దు. ఆడవాళ్ళు వాడిన ప్యాడ్లు జిప్ కవర్లో వేసి కిందికి తెచ్చేయాలి. దొడ్డికి పోవాలంటే నీళ్ళకి కనీసం అరవై మీటర్ల దూరం పోయి గుంట తీసి పూడ్చాలి, కింద ఉన్న వాళ్ళు తాగే నీళ్ళివే. పది, పదకొండు గంటలకల్లా వెనక్కి తిరగండి, మధ్యాహ్నం గాలి లేస్తుంది.

తిరుగు దారి

గోముఖ్ చూసి అదే రోజు గంగోత్రి దిగితే 22 కిలోమీటర్లవుతుంది, భోజ్‌బాసా-గోముఖ్ మధ్య పోనూ రానూ 8, ఆపైన దిగుడు 14. కుర్రాళ్ళు దిగుతారు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు భోజ్‌బాసాలో రెండో రాత్రి ఉండిపోయి పొద్దున్నే గీలా పహాడ్ దాటడం మేలు. దిగేటప్పుడు షూ లేసులు చీలమండ దగ్గర బిగించి కట్టండి, లేకపోతే బొటనవేళ్ళు ముందుకి కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి. పొడుగు మార్చుకునే చేతికర్ర అయితే కాస్త పొడుగు పెంచుకోండి. అడవిలోకి వచ్చాక అలసటలోనే జారిపడతారు ఎక్కువ మంది, ఆ పైన్ సూదుల మీద మళ్ళీ చిన్న అడుగులే.

కన్ఖూ దగ్గర ప్లాస్టిక్ చూపించి డిపాజిట్ వెనక్కి తీసుకోండి. గైడుకి, పోర్టరుకి మాట్లాడుకున్న డబ్బు గంగోత్రి చేరిన వెంటనే చేతిలో పెట్టండి, దాని మీద మీ మనసుకు తోచింది. ఆ రాత్రి గంగోత్రిలోనే పడుకోండి, ఉత్తరకాశీకి షేరు జీపులు పొద్దున్నే దొరుకుతాయి, మధ్యాహ్నం దాటితే సీటు కష్టం. ఢిల్లీ రైలుకి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకుంటే రోడ్డు మీద ఎక్కడైనా చరియ విరిగి ఆగిపోయినా రిజర్వేషన్ పోదు.